వణుకు ఎక్కడిది?
పాత బుల్లెట్టు బండి, దాని బేరింగుల చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమేదైనా పంపమని సంఘం కార్యదర్శి గారు కోరారు. కోటల గురించి, గుళ్ళ గురించి, స్వాతంత్ర్యోద్యమం గురించి నాకన్న బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా పనిచేసి 2008లో రిటైరైన వాణ్ణి. అందులో పద్నాలుగేళ్ళు వాహనాల సీటు చూశాను. లాగ్‌బుక్కులు, పెట్రోలు బిల్లులు, రిపేరు ఎస్టిమేట్లు, పాత బండ్ల వేలం ఫైళ్ళు, ఇవే నేను చదివిన చరిత్ర గ్రంథాలు. కాబట్టి నాకు తెలిసిన చరిత్రే రాస్తాను.

మా ఆఫీసులో ఫీల్డు సిబ్బందికి ఇచ్చిన మోటారు సైకిళ్ళలో ఎక్కువ భాగం బుల్లెట్లే. వాటి రిపేరు ఫైళ్ళలో తరచు కనిపించే వాక్యం ఒకటుండేది: “బండికి వైబ్రేషన్ ఎక్కువగా ఉన్నది.” అంతే. ఎక్కడ, ఎంత వేగంలో, ఎప్పటినుంచి అన్న వివరం ఉండేది కాదు. దాని కింద వర్క్‌షాపు వారి ఎస్టిమేటు ఉండేది. ఒక్కోసారి ఎస్టిమేటు కూడా ఉండేది కాదు. “బుల్లెట్టంటే వణకదా, ఈ బండి ఇంతే” అని నోటిమాటగా చెప్పి ఫైలు మూసేసేవారు.

ఆ మాట సగం నిజం. బుల్లెట్టుకు పుట్టుకతో వచ్చిన వణుకు ఒకటుంది. దానికి మందు లేదు, దానివల్ల పెద్ద ప్రమాదమూ లేదు. అరుగుదల వల్ల వచ్చే వణుకు వేరే ఉంది. దానికి మందుంది, వేయకపోతే ప్రాణం మీదికి వస్తుంది. యాభై ఏళ్ళుగా మొదటిదాని పేరు చెప్పి రెండోదాన్ని దాటేస్తూ వచ్చారు. ఈ రెంటినీ విడదీయాలంటే బండి చరిత్ర కొంత తెలియాలి. మన మిత్రుల ఇళ్ళలో ఇంకా కొన్ని పాత బండ్లు పంచల్లో ఉన్నాయి. మనవలు వాటిని తుడిచి, రంగులు వేయించి, రోడ్డెక్కిస్తున్నారు. అందుకే ఈ వ్యాసం ఇంట్లో పిల్లలకు కూడా చదివి వినిపించమని మనవి.

పుట్టుకతో వచ్చిన వణుకు

రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో 1901లో మోటారు సైకిళ్ళు తయారు చేయడం మొదలుపెట్టింది. ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్ళోని ప్రభుత్వ తుపాకుల కర్మాగారానికి విడిభాగాలు సరఫరా చేసిన సంబంధంతో ఆ పేరు వచ్చింది. బుల్లెట్ అనే పేరు 1932లో పెట్టారు. మనం ఎరిగిన రూపంలోని బుల్లెట్టు మాత్రం రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చింది. 1948లో ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో కొత్త బుల్లెట్లపై వెళ్ళిన వారు బంగారు పతకాలు తెచ్చుకున్నారు. మరుసటి సంవత్సరం అది అమ్మకానికి వచ్చింది.

1950ల తొలి సంవత్సరాలలో భారత సైన్యం సరిహద్దు గస్తీ కోసం ఈ బండ్లను మద్రాసు మోటార్స్ ద్వారా తెప్పించుకుంది. ఆ తరువాత 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. తిరువొత్తియూరులో కర్మాగారం పెట్టారు. మొదట్లో ఇంగ్లండు నుంచి భాగాలు వస్తే ఇక్కడ బిగించేవారు. 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడే తయారవుతున్నాయి. ఇంగ్లండులో రెడిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. 1970 నాటికి అక్కడి తయారీ పూర్తిగా నిలిచిపోయింది. పుట్టిన ఊళ్ళో ఆగిపోయిన బండి మన పక్క రాష్ట్రంలో బతికింది. 1977 నుంచి ఇంగ్లండుకే తిరిగి ఎగుమతి అయింది.

ఇక దాని ఇంజను. ఒకటే సిలిండరు. వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను కిందికీ మీదికీ నడిచే దూరం 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సి.సి. నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ పిస్టను సెకనుకు 50 సార్లు పైకి వెళ్ళి, ఆగి, కిందికి వచ్చి, మళ్ళీ ఆగుతుంది. బరువున్న లోహపు ముద్దను అలా ఆపి తిప్పుతుంటే చట్రం ఊరుకోదు. అందుకని క్రాంకు చక్రాలకు ఒక పక్క ఎదురు బరువు పెడతారు. పూర్తిగా సరిపడేంత పెడితే పైకీ కిందికీ ఉన్న వణుకు పోయి ముందుకూ వెనక్కూ వణుకు వస్తుంది. కనుక పిస్టను బరువులో సగానికి కొంచెం పైగా సరిపెట్టి, మిగిలింది బండి నడిపేవాడి చేతులకూ పాదాలకూ వదిలేశారు. ఇది ఒంటి సిలిండరు ఇంజన్లన్నిటికీ ఉన్న స్వభావం. ఎవరి తప్పూ కాదు.

ఈ వణుకు ఇంజను వేగంతో పాటు పెరుగుతుంది, అదీ వర్గం లెక్కన. మూడు వేల చుట్ల దగ్గర ఉన్న బలం నాలుగు వేల దగ్గర దాదాపు పావుతక్కువ రెండు రెట్లవుతుంది. అందుకే నిదానంగా పోయేటప్పుడు హాయిగా దడదడలాడే బండి, తొందరపెడితే చేతులు తిమ్మిరెక్కిస్తుంది. ఆ తిమ్మిరి పుట్టుకతో వచ్చింది. దానితో తగాదా పడనక్కరలేదు.

గోళీల కథ

రెండో వణుకు సంగతి తెలియాలంటే బేరింగు గోళీల కథ కొంత చెప్పాలి. ఇరుసుకూ దాని గూటికీ మధ్య ఇనుప గోళీలు పెడితే రాపిడి తగ్గుతుందన్న ఉపాయానికి 1794లో బ్రిటన్‌లోని కార్మార్థెన్‌కు చెందిన ఫిలిప్ వాన్ పేటెంటు తీసుకున్నాడు. అది గుర్రపు బండ్ల ఇరుసుల కోసం. ఆ ఉపాయం నిజంగా పనికొచ్చింది మాత్రం సైకిలు పుట్టాకే. 1869లో పారిస్‌కు చెందిన జూల్స్ సురిరే సైకిలు చక్రాలకు గోళీల బేరింగులు అమర్చాడు. అదే ఏడాది పారిస్ నుంచి రూయెన్ వరకు జరిగిన సైకిలు పందెంలో అలాంటి బేరింగులున్న సైకిలు మీద జేమ్స్ మూర్ అనే ఆయన గెలిచాడు. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిక్ ఫిషర్ ఉక్కు గోళీలను ఒకే కొలతలో గుండ్రంగా అరగదీసే యంత్రం తయారు చేశాడు. గోళీలన్నీ ఒకే పరిమాణంలో ఉంటేనే బరువు అన్నిటిమీదా సమానంగా పడుతుంది. ఈ యంత్రం లేకపోతే ఇవాళ చవకగా దొరికే బేరింగు లేదు.

సైకిలు నుంచి మోటారు సైకిలు వచ్చింది. దానితో పాటు సైకిలు హ్యాండిల్ కింద ఉండే గిన్నెలు, గోళీలు కూడా వచ్చాయి. మన మెకానిక్కులు దాన్నే కోన్‌సెట్టు అంటారు. పాత బుల్లెట్టులో చట్రం ముందు గొట్టానికి పైన ఒక గిన్నె, కింద ఒక గిన్నె ఉంటాయి. ఒక్కొక్కదానిలో 19 గోళీలు, ఒక్కొక్కటి పావు అంగుళం. ఈ 38 గోళీల మీదే ముందు చక్రం, ఫోర్కు, హ్యాండిల్ తిరుగుతాయి. గుంటలో చక్రం పడినప్పుడు వచ్చే దెబ్బ అంతా వీటి మీదే పడుతుంది.

ఇక్కడొక చిత్రం ఉంది. చక్రంలోని బేరింగు నిండా తిరుగుతుంది. కనుక దాని అరుగుదల చుట్టూ సమానంగా ఉంటుంది. అరిగితే గరగరమని మోగుతుంది. హ్యాండిల్ కింది బేరింగు అలా కాదు. మనం తిన్నగా పోతున్నంతసేపూ అది దాదాపు కదలకుండా నిలబడి ఉంటుంది. ప్రతి గోళీ ఏళ్ళ తరబడి గిన్నెలో ఒకే చోట దెబ్బలు తింటుంది. ఆ చోట ఉన్న గ్రీజు పక్కకు తప్పుకుంటుంది. లోహం మీద లోహం కొట్టుకుని, గోళీ ఉన్న చోట సన్నని గుంట పడుతుంది. స్వీడన్ దేశపు ఇంజనీరు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్, గట్టి ఉక్కు గోళీని లోహంపై నొక్కి, పడిన గుంట కొలతను బట్టి లోహపు గట్టితనం తేల్చే పద్ధతిని 1900లో పారిస్ ప్రదర్శనలో చూపించాడు. ఆయన ప్రయోగశాలలో చేసిన పనే మన రోడ్లు మన బండ్ల కింద రోజూ చేస్తున్నాయి. బేరింగు గిన్నెల్లో పడే ఈ గుంటలకు ఇంజనీర్లు ఆయన పేరే పెట్టారు.

వెనుక చక్రం కదలడం నేర్చిన కాలం

యుద్ధానికి ముందు చాలా మోటారు సైకిళ్ళకు వెనుక షాకబ్జర్లు ఉండేవి కావు. వెనుక ఇరుసును నేరుగా చట్రానికి బిగించేవారు. నడిపేవాడికి సీటు కింది స్ప్రింగులే దిక్కు. ముందు వైపు నూనె నింపిన గొట్టాల ఫోర్కులు 1935లో జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. కంపెనీ తన ఆర్-12 బండికి పెట్టిన తరువాత క్రమంగా అందరికీ వచ్చాయి. వెనుక వైపు సంగతి తేలడానికి ఇంకా కొంతకాలం పట్టింది. 1948లో పోటీలకు దిగిన కొత్త బుల్లెట్టు ప్రత్యేకతే అది. దాని వెనుక చక్రం ఒక ఊగే ఫోర్కులో ఉండేది. మెకానిక్కులు దాన్ని స్వింగార్మ్ అంటారు. దానికి రెండు వైపులా రెండు షాకబ్జర్లు. అంత బరువైన నిర్మాణం బురదలో పోటీలకు పనికిరాదని అప్పట్లో కొందరు పెదవి విరిచారు. శాన్ రెమో పతకాలతో ఆ మాట ఆగిపోయింది.

సుఖం పెరిగింది కాని, చూసుకోవలసిన చోటు కూడా ఒకటి పెరిగింది. కదలని ఇరుసుకు అరుగుదల లేదు. ఊగే ఫోర్కు ఒక ఇరుసు మీద ఊగాలి. పాత బుల్లెట్లలో అక్కడ కంచు బుష్‌లు ఉంటాయి. అవి కూడా నిండా తిరగవు, కొద్దిపాటి కోణంలోనే అటూ ఇటూ కదులుతాయి. గ్రీజు ఎండిపోతే గుండ్రంగా ఉన్న రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. అప్పుడు వెనుక చక్రం ముందు చక్రం వెంట తిన్నగా రాదు, తనకు తోచిన దారిన పోతుంది.

ఒక లెక్క

చక్రం నుంచి వచ్చే వణుకుకూ ఇంజను నుంచి వచ్చే వణుకుకూ తేడా చేతికే తెలుస్తుంది. ఎందుకో చెప్పడానికి చిన్న లెక్క వేస్తాను. పాత బుల్లెట్టుకు 19 అంగుళాల రిమ్ము, దానిమీద టైరు. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు రెండు మీటర్లు పోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16 మీటర్ల పైచిలుకు. అంటే చక్రం సెకనుకు సుమారు 8 చుట్లు. అదే సమయంలో టాప్ గేరులో ఇంజను సెకనుకు 40 చుట్లకు పైగా తిరుగుతుంది.

సెకనుకు 40 అంటే చేతికి తిమ్మిరిలా తెలుస్తుంది, అద్దంలో బొమ్మ మసకబారుతుంది. సెకనుకు 8 అంటే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోవడం కంటికే కనిపిస్తుంది. సన్నటి వణుకైతే ఇంజను వైపు, మోటు ఊపైతే చక్రాలు, బేరింగుల వైపు చూడాలి. ఆఫీసు ఫైలులో ఈ రెంటినీ “వైబ్రేషన్” అనే ఒక్క మాటలో పెట్టేవారు.

మోటు ఊపులో కూడా రెండు రకాలున్నాయి. ముందు భాగం మాత్రమే గబగబా కొట్టుకుంటే ఒకటి. బండి మొత్తం పాములాగ నిదానంగా మెలికలు తిరిగితే మరొకటి. 1971లో ఆర్.ఎస్. షార్ప్ అనే బ్రిటిష్ ఇంజనీరు మోటారు సైకిలు నిలకడ మీద రాసిన పరిశోధనా పత్రంలో ఈ రెంటినీ గణితంతో విడదీసి చూపించాడు. అరిగిన కోన్‌సెట్టు మొదటిదాన్ని రెచ్చగొడుతుంది. అరిగిన స్వింగార్మ్ బుష్‌లు రెండోదాన్ని రెచ్చగొడతాయి.

ఫైలులో ఒక మాట, బండిలో ఆరు జబ్బులు

మా ఆఫీసు బండ్లకు పాత మేస్త్రీ ఒకాయన ఉండేవారు. సైన్యంలో ఫిట్టరుగా చేసి వచ్చిన మనిషి. చదువు తక్కువ, చేతికి తెలివి ఎక్కువ. 1979లో ఒక బండి యాభై దాటితే హ్యాండిల్ కొట్టుకుంటోందని ఫైలు వచ్చింది. పట్టణంలోని ఒక షాపువారు ఇంజను విప్పి, బోరు చేయించి, పిస్టను మార్చి పంపారు. బిల్లు నా అప్పటి నెల జీతాన్ని మించింది. బండి వచ్చిన మరునాడే మళ్ళీ అదే ఫిర్యాదు. అప్పుడు ఆ మేస్త్రీని పిలిపించారు. ఆయన పానా కూడా పట్టకుండా పావుగంటలో సంగతి తేల్చారు. నేను పక్కన నిలబడి చూశాను. తరువాత చాలాసార్లు ఆయన దగ్గర అడిగి తెలుసుకున్నాను. ఆ వరస ఇదీ.

మొదట బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, న్యూట్రల్‌లో ఇంజను పెంచి చూడాలి. నిలబడిన బండి అలాగే వణికితే అది ఇంజను పని. తరువాత ఖాళీ రోడ్డు మీద, వణుకు వచ్చే వేగంలో క్లచ్చు పట్టి ఆక్సిలరేటరు వదిలేయాలి. ఇంజను నిదానించినా వణుకు అలాగే ఉంటే దోషం చక్రాలలోనో, బేరింగులలోనో ఉంది. వణుకు వెంటనే పోతే ఇంజను వైపు చూడాలి. అదే వేగంలో ఒకసారి మూడో గేరులోనూ ఒకసారి నాలుగో గేరులోనూ నడిపితే కూడా తెలుస్తుంది. గేరు మారినా ఊపు మారకపోతే దానికీ ఇంజనుకూ సంబంధం లేదు.

ఇంజను వైపు అని తేలినా వెంటనే ఇంజను విప్పనక్కరలేదు. ముందు ఇంజనును చట్రానికి పట్టి ఉంచే బోల్టులు చూడాలి. ముఖ్యంగా ఇంజను తల భాగం నుంచి పైగొట్టానికి ఉండే పట్టీ చూడాలి. అది వదులైతే పుట్టుకతో వచ్చిన వణుకే రెట్టింపై కనిపిస్తుంది. ఇది మొదటి జబ్బు.

రెండోది టైర్లు, పుల్లలు. టైరు ఒక చోట ఉబ్బినా, రిమ్ము వంకరైనా ఊపు వస్తుంది. పుల్లలను స్పానరుతో ఒక్కొక్కటిగా తట్టితే బిగువున్నది ఖంగుమంటుంది, వదులైనది చప్పగా పలుకుతుంది.

మూడోది చక్రం బేరింగు. చక్రం గాలిలో ఉండగా రిమ్మును పైనా కిందా పట్టి అటూ ఇటూ ఆడించాలి. ఫోర్కు కదలకుండా రిమ్ము మాత్రమే ఆడితే బేరింగు పోయినట్లు. చక్రాన్ని వదిలి తిప్పి, పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇరుసుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే గరగర వినిపిస్తుంది.

నాలుగోది కోన్‌సెట్టు. ఇంజను కింద చెక్కపెట్టె పెట్టి ముందు చక్రం నేల వదిలేలా చేయాలి. ఫోర్కు కాళ్ళను కింది భాగంలో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగాలి. టక్కుమని ఆడితే వదులుంది. తరువాత హ్యాండిల్‌ను ఒక వేలితో నెమ్మదిగా అటునుంచి ఇటు తిప్పాలి. నూనెలో తిరిగినట్లు తిరగాలి. సరిగ్గా నడిమికి వచ్చినప్పుడు ఏదో గూట్లో కూర్చున్నట్లు ఆగితే గిన్నెల్లో గుంటలు పడ్డాయన్నమాట. ఆ రోజు మేస్త్రీ నా వేలు పట్టుకుని హ్యాండిల్ మీద పెట్టి, “సార్, ఇంజను కాదు, ఇదిగో ఇక్కడ నిద్రపోతోంది చూడండి” అన్నారు. గిన్నెలు, గోళీలు, గ్రీజు అన్నీ కలిపి అయిన ఖర్చు యాభై రూపాయలు దాటలేదు.

అయిదోది ముందు ఫోర్కు గొట్టాలలోని బుష్‌లు. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకు తోస్తే టక్కుమంటుంది. అది కోన్‌సెట్టులోనా, ఫోర్కులోనా అన్న అనుమానం వస్తే చట్రం గొట్టానికీ ఫోర్కు పట్టీకీ మధ్య సందులో వేలు ఉంచి తోయాలి. వేలికి కదలిక తెలిస్తే కోన్‌సెట్టు, తెలియకపోతే ఫోర్కు.

ఆరోది స్వింగార్మ్ బుష్‌లు. స్టాండు మీద ఉండగా వెనుక చక్రాన్ని పట్టి పక్కలకు తోయాలి. చక్రంతో పాటు ఫోర్కు మొత్తం కదిలితే బుష్‌లు అరిగినట్లు. షాకబ్జర్ల కింది బోల్టులు విప్పి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

వదులుంటే బిగించేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. గుంటలు పడిన గిన్నెలను బిగిస్తే గోళీ గుంటలో మరింత గట్టిగా కూర్చుంటుంది. అప్పుడు నెమ్మదిగా పోయేటప్పుడు బండి తూలుతుంది. మంచి గిన్నెలనైనా వదులు పోయేంత వరకే బిగించాలి. చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్ కొంచెం తోస్తే తన బరువుతో తానే పక్కకు వాలాలి. కొన్ని పాత మోడళ్ళలో హ్యాండిల్ మధ్య బిగించుకునే నాబ్ ఒకటుంటుంది. అది హ్యాండిల్ కదలికను కొంచెం బిగపట్టడానికే తప్ప అరుగుదలకు మందు కాదు. దాన్ని బిగించి జబ్బు నయమైందనుకోవడం జ్వరం కొలిచే గొట్టాన్ని చన్నీళ్ళలో ముంచడం లాంటిది.

లాగ్‌బుక్కులో లేని సంగతి

ఈ తేడా ఎందుకింత పట్టుపట్టి చెబుతున్నానంటే, దానికి కారణం 1983లో జరిగిన ఒక ప్రమాదం. మా ఫీల్డు సిబ్బందిలో ఒకాయన కాలువ కట్ట మీది రోడ్డున సాయంకాలం వస్తూ పడిపోయారు. ఎదురుగా బండి లేదు, వర్షం లేదు. వాలులో ఆక్సిలరేటరు తగ్గించగానే హ్యాండిల్ కొట్టుకోవడం మొదలై, చేతులకు అందలేదని ఆయనే చెప్పారు. తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు ఆసుపత్రిలో ఉన్నారు. తరువాత ఆఫీసులోనే తేలిక పని ఇచ్చారు కాని, రిటైరయ్యే దాకా కుంటుతూనే వచ్చారు. ఆయనకు అప్పటికి నలభై ఏళ్ళు కూడా లేవు.

ఆయన అంతకు ముందు రెండుసార్లు బండి గురించి రాసి ఇచ్చారు. రెండుసార్లూ పరీక్షకు పంపిన చోటునుంచి “సహజ వైబ్రేషన్, లోపమేమీ లేదు” అని రాసి వచ్చింది. ప్రమాదం తరువాత మేస్త్రీ ఆ బండి ముందు భాగం విప్పి, రెండు గిన్నెలను కిరసనాయిలుతో కడిగి ఆఫీసు బల్ల మీద పెట్టారు. కింది గిన్నెలో వరసగా గుంటలు, గోరు ఆనిస్తే తగిలేటంత లోతున ఉన్నాయి. గ్రీజు ఎండి మైనంలా అయిపోయింది. ఆ గదిలో ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

నేను ఆ బండి లాగ్‌బుక్కు తీసి మొదటి పేజీ నుంచి చూశాను. ఎంత పెట్రోలు పోశారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చారో ఉన్నాయి. హ్యాండిల్ విప్పి గోళీలకు గ్రీజు పెట్టినట్లు తొమ్మిదేళ్ళలో ఒక్క పద్దు లేదు. లాగ్‌బుక్కులో అందుకు గడి కూడా లేదు. గడి లేని పనిని ఎవరూ అడగరు, ఎవరూ చేయరు. ప్రభుత్వోద్యోగం చేసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఆ తరువాత మా అధికారి అనుమతితో లాగ్‌బుక్కులో ఎర్రసిరాతో ఒక గడి గీయించాము: “హ్యాండిల్, వెనుక ఫోర్కు పరీక్ష, ఆరు నెలలకొకసారి.” నేను ఆ సీటులో ఉన్న మిగతా ఏడేళ్ళూ ఆ గడి నిండుతూ వచ్చింది. “సహజ వైబ్రేషన్” అన్న మాటతో ఏ ఫైలూ మూతపడలేదు.

వణుకు తగ్గిన కొత్త కాలం

1994లో ఐషర్ సంస్థ ఎన్‌ఫీల్డ్‌ను తీసుకుంది. పాత పోత ఇనుము ఇంజన్ల స్థానంలో 2010 నాటికి ఇంజను, గేరు బాక్సు కలిసిన కొత్త రకం వచ్చింది. పుట్టుకతో వచ్చే వణుకును అణచడానికి ఎదురు తిరిగే బరువు ఇరుసు పెట్టవచ్చని ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే చూపించాడు. ఆ కోవకు చెందిన ఇరుసు ఈ కంపెనీ ఒంటి సిలిండరు బండ్లలో 2016లో హిమాలయన్‌కు, 2020లో మీటియర్‌కు, 2023లో బుల్లెట్టుకే వచ్చింది. మా మనవడి స్నేహితుడి కొత్త బండి మీద కూర్చుని చూశాను. అద్దంలో వెనుక లారీ నంబరు చదవగలిగాను.

అయినా గోళీలు, బుష్‌లు అరగడం మానలేదు. రోడ్డు గుంటలు ఉన్నంతకాలం బేరింగు గుంటలూ ఉంటాయి. కొత్త బండి వణికితే వెంటనే అనుమానిస్తాము, అది మంచిదే. పాత బండి వణికితే ఇంకా అలవాటుగా నవ్వి ఊరుకుంటున్నాము. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలంటే రవాణా శాఖ వారు తనిఖీ చేస్తారు. ఆ ఒక్క రోజు తనిఖీని నమ్ముకోకుండా, పైన చెప్పిన పరీక్షలు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. రోడ్డు మీది పరీక్ష తప్ప మిగిలినవాటికి కావలసింది ఒక చెక్కపెట్టె, ఒక స్క్రూడ్రైవరు, పట్టుకోవడానికి ఇంకొక మనిషి. జావా, ఎజ్డీ, రాజ్‌దూత్ వంటి పాత బండ్లున్న మిత్రులకు కూడా ఇవే పరీక్షలు పనికొస్తాయి.

మనవడు పాత బండికి రంగు వేయిస్తానన్నప్పుడు, వెండి పూత సైలెన్సరు కొంటానన్నప్పుడు పెద్దలుగా మనం ఒక్క మాట అడగాలి. “ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ తిప్పి చూశావా, నాయనా?” అని. చూడలేదంటే రంగుకు పెట్టే డబ్బులో కొంత తీసి ముందు కోన్‌సెట్టుకు, బుష్‌లకు పెట్టమనండి. అవి పైకి కనిపించవు, ఫోటోలో పడవు. కాని బండి మీద కూర్చున్న పిల్లవాడు సాయంత్రానికి ఇంటికి చేరేది వాటి మీదే.